చెరనుండి తిరిగి వచ్చిన సహోదరి

పాఠ్యభాగములు: రూతు 1:19–22, 2 కొరింథీయులకు 2:6–8, 1 రాజులు 19:1–8



ఒక స్త్రీ తన స్వగ్రామమునకు తిరిగి వచ్చిన సంగతి రూతు గ్రంథము మొదటి అధ్యాయములో చదువుచున్నాము. ఆమె బేత్లెహేము విడిచి వెళ్ళినప్పుడు ప్రక్కన భర్తయు ఇద్దరు కుమారులును ఉండిరి. తిరిగి వచ్చినప్పుడు ఆ ముగ్గురిలో ఒక్కరును లేరు. ఆమె ఊరిలో అడుగు పెట్టగానే ఊరంతయు కదలెను. ఈమె నిజముగా నయోమియేనా అని స్త్రీలు చెప్పుకొనిరి. ఆ పేరు విని ఆమె సంతోషింపలేదు. ఇకమీదట నన్ను మారా అని పిలువుడి, నా బ్రదుకు చేదైపోయినది అని ఆమె జవాబిచ్చెను.

నయోమి చెరసాలనుండి రాలేదు. ఆమె ఏ నేరమును చేయలేదు. అయినను సమస్తమును పోగొట్టుకొని వచ్చిన స్త్రీకి తన ఊరు ఎట్లు కనబడునో, ఊరికి ఆమె ఎట్లు కనబడునో ఈ నాలుగు వచనములలో చక్కగా తెలియుచున్నది. జైలునుండి విడుదలై మన పల్లెకు వచ్చు సహోదరిని సంఘము ఎట్లు చేర్చుకొనవలెను? ఆమె మనస్సు కుదుటపడుటకు మనము చేయగలిగినదేమి? ఈ నెల పాఠములో ఈ రెండు ప్రశ్నలను మీ ముందు ఉంచుచున్నాము.

మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. విడుదల ఒక్క దినములో జరుగును. తిరిగి రాక మాత్రము అనేక మాసములు పట్టును. ధవళేశ్వరము వద్ద తలుపులెత్తిన దినముననే శివారు చేనికి నీరు చేరదని మన రైతులకు తెలియును. పెద్ద కాలువ, పిల్ల కాలువ, బోదె, వీటన్నిటిలో గుర్రపుడెక్కను తీసివేయువారు ఉన్నప్పుడే చివరి మడి తడియును. జైలు తలుపు తెరచుట ప్రభుత్వపు పని. దారిలోని అడ్డములను తొలగించుట మన పని.

1. మన ప్రాంతములోని చెర

రాజమహేంద్రవరములో డచ్చివారి పాత కోట ఉన్న స్థలమున సెంట్రల్ జైలు కలదు. స్త్రీలకు అదే ఊరిలో ప్రత్యేక కారాగారము కలదు. స్వాతంత్ర్యోద్యమ కాలమున దువ్వూరి సుబ్బమ్మగారు 1922లో శిక్ష పొంది రాజమహేంద్రవరపు జైలులోనే ఉండిరి. ఆ ఊరిలోనే 1909లో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1930లో ఆరంభమైన ఉప్పు సత్యాగ్రహములో పాల్గొని చెరకు వెళ్ళిరి. మధుర జైలులో ఆమెను ఒంటరి కొట్టులో ఉంచిరి. ఆ ఒంటరితనము ఆమె ఆరోగ్యమును బహుగా దెబ్బతీసెను.

ఈ సంగతి మనము జ్ఞాపకముంచుకొనవలెను. దుర్గాబాయిగారు ధైర్యవంతురాలు, తాను ఎందుకు చెరకు వెళ్ళినదో ఎరిగిన మనిషి. బయట ఆమెను గౌరవించు జనము ఉండిరి. అట్టి ఆమెనే చెర బాధించినప్పుడు, అవమానముతో వెళ్ళి ఎవరును ఎదురు రానిచోటికి తిరిగివచ్చు పేదరాలి సంగతి ఏమి చెప్పవలెను? తరువాతి కాలమున దుర్గాబాయిగారు 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలైరి. జైళ్ళనుండియు ఇతర సంస్థలనుండియు బయటికి వచ్చినవారి ఆలనాపాలనలను గూర్చి విచారించుటకు ఆ మండలి 1954లో ఒక సంఘమును నియమించెను. విడుదలతో పని ముగియదని మన గోదావరి ఆడపడుచుకు తెలిసియుండెను.

మన దేశపు లెక్కల ప్రకారము 2022 డిసెంబరు చివరినాటికి జైళ్ళలో 5,73,220 మంది ఉండిరి. వారిలో స్త్రీలు 23,772 మంది, అనగా నూటికి నలుగురు. స్త్రీల సంఖ్య స్వల్పమగుటచేత జైళ్ళ ఏర్పాటులన్నియు ఎక్కువగా పురుషులను మనస్సులో ఉంచుకొని చేసినవే. మరియొక సంగతి గమనింపుడి. ఆనాడు జైళ్ళలో ఉన్నవారందరిలో నూటికి డెబ్బదియైదుగురికి పైగా విచారణ ముగియనివారుగా ఉండిరి. అనగా, జైలుకు వెళ్ళి వచ్చిన ప్రతి స్త్రీయు నేరస్థురాలని చెప్పుటకు మనకు హక్కు లేదు. చాలమంది జామీనుమీద ఇంటికి వచ్చి, ఇంకను వాయిదాలకు తిరుగుచున్నవారు.

శిక్ష అనుభవించి వచ్చువారును కలరు. 2020 నవంబరులో మన రాష్ట్ర ప్రభుత్వము జీవితఖైదు అనుభవించుచున్న 53 మంది స్త్రీల విడుదలకు ఆజ్ఞ ఇచ్చెను. వారిలో కొందరు రాజమహేంద్రవరపు స్త్రీల జైలులో ఉన్నవారు. ఏండ్ల తరబడి లోపల ఉన్నవారు ఒక్క ఉదయమున బట్టల మూటతో వీధిలో నిలిచిరి. అది కరోనా వ్యాధి కాలము. మూతికి గుడ్డ కట్టుకొని ఎవరి దారిన వారు పోవు దినములు. అట్టివారిలో ఒకరు మన పేటకు వచ్చియుండిన, ఆమెకు ఎదురు వెళ్ళుటకు మన సంఘములో ఎవరుండిరి?

గల్ఫు దేశములనుండి తిరిగి వచ్చువారిని కూడ మరువరాదు. కోనసీమనుండియు పశ్చిమ గోదావరినుండియు ఇండ్లలో పనిచేయుటకు వెళ్ళిన స్త్రీలలో కొందరు, బాధ భరింపలేక యజమాని ఇంటినుండి వెళ్ళిపోయి, పత్రములు లేనివారై, అక్కడి నిర్బంధములో పడుదురు. కువైట్ ప్రభుత్వము 2018లోను 2020లోను క్షమాభిక్ష ప్రకటించినప్పుడు అనేకులు స్వదేశమునకు వచ్చిరి. డబ్బు తెచ్చునని ఎదురుచూచిన ఇంటికి వట్టి చేతులతో వచ్చిన ఆమె దుఃఖమును ఈ పాఠములోని దుఃఖమే.

2. లోపలి గాయము ఎట్లుండును

చెరనుండి వచ్చిన సహోదరి పైకి బాగుగానే కనబడవచ్చును. కొందరు లోపల కుట్టుపని నేర్చుకొని, చదువు నేర్చుకొని వచ్చుదురు. అయితే మనస్సులోని గాయము మెల్లగా బయటపడును. ఇంటివారును ఇరుగుపొరుగువారును ఈ గురుతులను కనిపెట్టవలెను.

రాత్రి నిద్ర పట్టదు. లేక తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి మరల కన్ను మూయలేదు. గొళ్ళెము చప్పుడైనను, వీధిలో జీపు ఆగినను ఉలికిపడును. అన్నము ముందు కూర్చుండియు తినదు. ఇంటిలో పెరటిలోనికి పోవుటకు సహా ఎవరినో అనుమతి అడుగునట్లు నిలిచియుండును. ఏలయన చాల కాలము ఆమె ప్రతి పనికిని అనుమతి అడుగవలసి వచ్చెను. పగలు గది మూలన కూర్చుండి తలుపు దగ్గరకు రాదు. తలనొప్పి, గుండెదడ, ఒళ్ళు మంటలు అని చెప్పును. పరీక్షలలో ఏమియు కనబడదు. నేను ఎందుకును పనికిరాను, నేను లేకపోయిన పిల్లలకు మేలు అని మాటిమాటికి అనును. కొందరికి ఎవరును లేనప్పుడు మాటలు వినబడును; ఎవరో తనను పట్టుకొనిపోవుటకు వచ్చుచున్నారని అనుకొందురు.

ఈ గురుతులు కొన్ని దినములుండి తగ్గిన, విశ్రాంతియు ప్రేమయు చాలును. రెండు వారములు దాటి నిలిచినను, పని చేసుకొననీయకున్నను, అది వ్యాధి. జ్వరము వచ్చిన మనిషిని, నీకు విశ్వాసము లేదు గనుక జ్వరము వచ్చినదని మనము అనము. మనస్సుకు వచ్చిన వ్యాధిని గూర్చియు అట్లనరాదు.

స్త్రీకి ఈ భారము మరి రెండంతలు. పురుషుడు జైలుకు వెళ్ళిన తరచుగా భార్య కుండ కాపాడి, పిల్లలను సాకి, వాయిదాలకు తిరిగి, అతనికొరకు ఎదురుచూచును. స్త్రీ వెళ్ళినప్పుడు ఎన్నో ఇండ్లలో ఆమె స్థానములోనికి మరియొకతె వచ్చును. లేదా అత్తవారు తలుపు వేసికొందురు. పుట్టింటివారు, చెల్లెలి పెండ్లి కావలసియున్నది, నీవు కొన్నాళ్ళు దూరముగా ఉండుమందురు.

పిల్లల సంగతి అన్నిటికంటె కఠినమైనది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకు సంబంధించిన ఒక వ్యాజ్యములో 2006లో సుప్రీము కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారము, తల్లితో బిడ్డ జైలులో ఉండదగినది ఆరు ఏండ్ల వయస్సు వరకే. ఆ తరువాత బిడ్డ బయటనే పెరుగవలెను. తల్లి తిరిగి వచ్చునప్పటికి ఆ బిడ్డ అమ్మమ్మనో మేనత్తనో అమ్మా అని పిలుచుచుండును. కన్నతల్లిని చూచి చాటుకు పోవును. అది చూచిన తల్లి గుండె పగులును. అటువంటప్పుడు బిడ్డను కొట్టి, బలవంతముగా తల్లి ఒడిలోనికి త్రోయకూడదు. ప్రతిదినము ఒక పూట తల్లి చేతి అన్నము, బడికి తల్లి చేయి పట్టుకొని పోవుట, ఇట్లు కొద్దికొద్దిగా బంధము మరల కట్టవలెను. పెంచిన తల్లి మనస్సును కూడ నొప్పింపరాదు.

3. అధికమైన దుఃఖమును గూర్చి అపొస్తలుని మాట

కొరింథు సంఘములో ఒకడు తప్పు చేసెను. సంఘము అతనిని శిక్షించెను. అప్పుడు పౌలు రెండవ పత్రికలో, ఎక్కువమంది వలన కలిగిన ఆ శిక్ష చాలునని వ్రాసెను. ఇప్పుడు క్షమించి ఆదరింపుడి, లేనియెడల అతడు మితిమీరిన దుఃఖములో మునిగిపోవునని హెచ్చరించెను. అతనియెడల మీ ప్రేమను స్థిరపరచుడని బ్రతిమాలుకొనెను.

ఇక్కడ అపొస్తలుడు మూడు సంగతులను ఎరిగియున్నాడు. మొదటిది: శిక్షకు ఒక హద్దు ఉన్నది. న్యాయస్థానము ఏడేండ్లు వేసిన శిక్షను ఊరు డెబ్బది ఏండ్లు పొడిగింపరాదు. రెండవది: దుఃఖము మనిషిని మింగివేయగలదు. పశ్చాత్తాపమునకు కావలసిన దుఃఖము వేరు, ప్రాణమును ముంచు దుఃఖము వేరు. ఆమె బాగుగా ఏడ్వవలె, అప్పుడే బుద్ధి వచ్చునని చెప్పువారు ఈ భేదమును ఎరుగరు. మూడవది: క్షమాపణ మనస్సులో ఉంచుకొన్న చాలదు, దానిని చేతలలో స్థిరపరచవలెను.

సంఘములో ఈ మూడవ సంగతియే తప్పిపోవుచున్నది. ఆమె ఆదివారము గుడికి వచ్చును. ఎవరును పొమ్మనరు. అయినను ఆమె కూర్చుండిన చాప మీద ఎవరును కూర్చుండరు. కానుక సంచి ఆమె ముందు త్వరగా పోవును. స్త్రీల సమాజములో ఆమె పేరు పిలువరు. ప్రభువు బల్ల దగ్గరకు రావచ్చునా రాకూడదా అని ఎవరును చెప్పరు, ఆమెయు అడుగజాలదు. ఇట్లు నోరు తెరువకయే వేసిన శిక్షకు అప్పీలు లేదు. కాబట్టి కాపరియు పెద్దలును మొదటి మాసములోనే ఆమె ఇంటికి వెళ్ళి, సంఘములో ఆమె స్థానమును గూర్చి స్పష్టముగా చెప్పవలెను. విచారణ ముగియనిదైన, ఆమెను దోషిగా ఎంచరాదు. శిక్ష ముగిసినదైన, ఆమె ఒప్పుకొనవలసినది దేవునియెదుటను, అవసరమైన కాపరియెదుటను ఒప్పుకొనును. ఊరందరి యెదుట కాదు.

సాక్ష్యమును గూర్చి ఒక మాట. కొన్ని సంఘములలో అట్టి సహోదరిని వచ్చిన మొదటి కూటములోనే లేపి సాక్ష్యము చెప్పింతురు. వినువారికి అది వింతగా ఉండును. చెప్పిన ఆమెకు ఆ రాత్రి నిద్ర ఉండదు. మానిన పుండును మరల రేపరాదు. ఆమె ఎప్పుడు చెప్పదలచునో, ఎంత చెప్పదలచునో, అసలు చెప్పదలచునో లేదో ఆమె ఇష్టమునకు విడువుడి.

4. ఏలీయాకు దేవుడు చేసిన వైద్యము

గొప్ప ప్రవక్తయైన ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుండి, చచ్చిన మేలని దేవుని అడిగెను. ఆయన భక్తిహీనుడు కాడు. కర్మెలు మీద అగ్నిని దింపినవాడు. అతని అలసట దేహమును దాటి ప్రాణమును పట్టెను. అప్పుడు దేవుడు అతనిని గద్దింపలేదు, ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చెను. దూత వచ్చి చేతితో తట్టెను. రొట్టెయు నీళ్ళును ప్రక్కన ఉంచెను. అతడు తిని మరల పండుకొనెను. దూత రెండవమారును వచ్చెను. ఆ తరువాతనే ప్రయాణపు మాట, ఆ తరువాతనే పని మాట.

మనము చేయవలసిన క్రమము ఇదే. నిద్ర, భోజనము, తట్టు చేయి, మరల రెండవమారు. మొదటి దర్శనమున బోధ చేయనక్కరలేదు. "వదినా, అన్నం తిన్నావా? ఈ పూట మా ఇంట్లో పులుసు కాచాను, తెచ్చాను," అని చెప్పి ప్రక్కన కూర్చుండుట చాలును. ఏమి చేసి జైలుకు వెళ్ళితివని అడుగకుడి. లోపల ఎట్లుండెనని గుచ్చిగుచ్చి అడుగకుడి. ఆమె చెప్పిన వినుడి. విన్నదానిని కాలువ గట్టుకు మోయకుడి.

ప్రార్థనయు మందును ఒకదానికొకటి విరోధము కావు. హిజ్కియా మరణకరమైన రోగములో ప్రార్థన చేసెను, దేవుడు వినెను, అయినను అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద వేయుమని యెషయా చెప్పెను. ప్రార్థన విన్న దేవుడే మందును చూపించెను. కాబట్టి మనోవ్యాధిగల సహోదరిని దయ్యము పట్టినదని కొట్టుట, కట్టివేయుట, ఉపవాసమని అన్నము మాన్పించుట, వైద్యుడిచ్చిన మాత్రలను విశ్వాసము పేరిట మాన్పించుట, ఇవి పాపము. బలహీనురాలిని మరింత గాయపరచుట ప్రభువు మార్గము కాదు.

వైద్యమునకు పోవు దారి ఇది. మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చెప్పుడి. ఆశా కార్యకర్తయు ఏ.ఎన్.ఎం.యు దారి చూపుదురు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగము కలదు. విశాఖపట్నములో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ వైద్యము పొందుట 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ప్రకారము ప్రతివారి హక్కు. పట్టణమునకు పోలేనివారు 14416 అను నంబరునకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ఆరంభించిన టెలీ మానస్ అను ఈ సేవ రాత్రింబగళ్ళు ఉండును, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడవచ్చును. దిగులు తగ్గుటకు ఇచ్చు మాత్రలు కొన్ని వారములు వాడిన తరువాతనే పనిచేయును. నాలుగు దినములు వేసి గుణము లేదని మానరాదు. కొంచెము బాగైనదని వైద్యుని అడుగక విడువరాదు.

5. ప్రాణాపాయమును గూర్చి

ఈ సంగతిని మేము మెత్తగా చెప్పజాలము. విడుదలైన తరువాతి మొదటి వారములలోనే ప్రాణము తీసికొను అపాయము ఎక్కువని అనేక దేశములలో జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి. లోపల ఉన్నంత కాలము ఇంటికి పోవుదునను ఆశ మనిషిని నిలువబెట్టును. ఇంటికి వచ్చి, ఇల్లు తనది కాదని తెలిసిన దినమున ఆ ఆశయు పోవును.

మన డెల్టా ఇండ్లలో పురుగుమందు డబ్బాలు చూరు క్రిందనో, పశువుల పాకలోనో ఉండును. ఆమె ఉన్న ఇంటనే గాక ప్రక్క ఇండ్లలోను వాటిని తీసి, తాళము వేసి, తాళపుచెవి నమ్మకమైనవారి దగ్గర ఉంచుడి. ఇది చిన్న పనివలె కనబడును. ప్రాణములను కాపాడు పని. ఆవేశపు ఘడియ దాటిన అనేకులు బ్రదుకుదురు. ఆమె చావు మాట ఎత్తినయెడల వట్టి మాటలే అనుకొనకుడి. "చచ్చిపోవాలనిపిస్తుందా అక్కా?" అని నెమ్మదిగా అడుగుడి. అడుగుట వలన లేని తలంపు పుట్టదు. ఉన్న తలంపు బయటికి వచ్చి భారము తగ్గును. అవును అనినయెడల ఆ రాత్రి ఆమెను ఒంటరిగా విడువకుడి. తెల్లవారగానే వైద్యుని యొద్దకు తోడుకొనిపొండు. ఒకవేళ ఆమె ప్రయత్నము చేసినయెడల, పోలీసు కేసు అగునని భయపడి ఇంటిలో దాచకుడి. అట్టివారు తీవ్రమైన మనోవేదనలో ఉన్నవారని ఎంచి, శిక్షింపక, వైద్యమును ఆదరణను ఇయ్యవలెనని 2017 నాటి చట్టమే చెప్పుచున్నది.

6. సంఘము చేయదగిన పనులు

జైలు వదిలిన స్త్రీలకు మనస్సునకు, దేహమునకు, న్యాయ విషయములకు, బ్రదుకు తెరువునకు సహాయము బయట కూడ అందవలెనని ఐక్యరాజ్యసమితి 2010లో ఆమోదించిన బ్యాంకాక్ నియమములు చెప్పుచున్నవి. ఆ నియమము పల్లెలోనికి రావలెనన్న, చేతులు కావలెను. ఆ చేతులు మన దగ్గర ఉన్నవి.

ఇద్దరు తోడువారిని ఏర్పరచుడి. మన మిషనుల కాలమున బైబిలు స్త్రీలు ఇద్దరిద్దరుగా ఇంటింటికి తిరిగి, వాక్యముతో పాటు ఇంటి కష్టసుఖములను విన్న సంగతి మన పెద్దలకు తెలియును. ఆ పద్ధతి ఇప్పుడును పనికివచ్చును. వయస్సు వచ్చిన, నోరు అదుపులో ఉన్న ఇద్దరు స్త్రీలు వారమునకు రెండు మారులు, ఒక సంవత్సరము విడువక వెళ్ళవలెను. మొదటి నెలలో పదిమంది వెళ్ళి, రెండవ నెలలో ఎవరును వెళ్ళకుండుట కంటె ఇది మేలు.

పిడికెడు బియ్యములో భాగమియ్యుడి. వంటకు ముందు మన స్త్రీలు తీసి ఉంచు బియ్యము దేవుని పనికే. మొదటి మూడు నెలలు అందులో కొంత ఆ ఇంటికి పోవుట దేవుని పనియే. అయితే అది కూటములో ప్రకటించి ఇచ్చు భిక్షము కాకూడదు.

కాగితముల పనిలో తోడు వెళ్ళుడి. ఆమె లేని కాలములో పేరు రేషను కార్డునుండి పోయియుండవచ్చును. బ్యాంకు ఖాతా నిలిచిపోయి ఉండవచ్చును. డ్వాక్రా సంఘములో ఆమె స్థానము మరియొకరికి ఇచ్చియుండవచ్చును. సచివాలయమునకు ఒంటరిగా పోయి, ఇన్నాళ్ళు ఎక్కడ ఉంటివి అను ప్రశ్నకు జవాబు చెప్పుట ఆమెకు భయము. తోడు మనిషి ఉన్న ఆ భయము సగము తగ్గును.

వాయిదాలకు తోడు పొండు. 1987 నాటి న్యాయ సేవల చట్టము ప్రకారము స్త్రీలకు, వారి ఆదాయముతో నిమిత్తము లేక, ఉచితముగా న్యాయ సహాయము దొరకును. ఇందుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడుగవలెను. 15100 నంబరునకు ఫోను చేయవచ్చును.

పని ఇయ్యుడి. ఊడ్పులలోను, కొబ్బరి పీచు పనిలోను, కుట్టుపనిలోను ఆమెను మీ జట్టులో పిలువుడి. జట్టులో వంగి నారు నాటుచున్నప్పుడు ప్రక్కనున్నవారు పలుకరించిన ఒక్క మాట అనేక ఆదరణ కూటములకు సమానము. రూతు బోయజు పొలములో పరిగె ఏరుకొనినందువలన నయోమి ఇంటికి యవలు మాత్రమే వచ్చెనా? ఆ సాయంకాలము ఇద్దరు స్త్రీలు మాట్లాడుకొనుటకు ఒక సంతోషపు సంగతియు వచ్చెను.

ఏ పనియైనను ఆమెను అడిగి చేయుడి. ఎలిజబెత్ ఫ్రై అను ఆంగ్ల దేశపు క్రైస్తవ స్త్రీ 1813లో లండనులోని న్యూగేట్ జైలుకు వెళ్ళి, అక్కడి స్త్రీల దురవస్థను చూచెను. 1817లో ఆమెయు ఆమె స్నేహితులును వారికొరకు ఒక సమాజము ఏర్పరచి, బడిని కుట్టుపనిని పెట్టిరి. నియమములను పెట్టునప్పుడు ఒక్కొక్క దానిని ఖైదీ స్త్రీల ముందు చదివి, వారి సమ్మతి అడిగిరి. అనేక ఏండ్లు ఎవరును అడుగని మనిషిని, నీ ఇష్టమేమి అని అడుగుటయే ఒక వైద్యము.

7. నష్టపోయిన కుటుంబము ఆ ఊరిలోనే ఉన్నప్పుడు

ఈ ప్రశ్నను దాటిపోవుట న్యాయము కాదు. ఒక కోడలు చనిపోయిన కేసులో అత్త శిక్ష పొంది వచ్చెననుకొందము. ఆ కోడలి తల్లి అదే గుడిలో రెండవ వరుసలో కూర్చుండును. ఆమెతో, మరచిపొమ్ము, క్షమించుము, అని పెద్దలు తొందరపడి చెప్పరాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి దుఃఖమును చిన్నది చేసి, మరియొకరిని ఆదరింపలేము. ఆమె ఇంటికి కూడ కాపరి వెళ్ళవలెను. ఆమె మనోవేదనకును తోడు ఏర్పరచవలెను. ఆమె ఇష్టపడక ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చుండబెట్టరాదు.

ఫిలేమోనుకు వ్రాసిన పత్రికను చూడుడి. ఒనేసిము వలన ఫిలేమోనుకు నష్టము కలిగియుండవచ్చునని పౌలు దాచలేదు. ఆ నష్టము నా లెక్కలో వేయుమని తన చేతితో వ్రాసెను. తిరిగి వచ్చువానికిని నష్టపోయినవానికిని నడుమ నిలిచి, ఖర్చు తాను భరించువాడు ఒకడు ఉండెను. సంఘము నిలువవలసిన చోటు అదియే. ఒక పక్షము చేరుట సులువు. నడుమ నిలుచుట ఖర్చుతో కూడిన పని.

8. అదే ఊరి స్త్రీలు

నయోమి చేదు మాటలు పలికినప్పుడు బేత్లెహేము స్త్రీలు ఆమెను గద్దించినట్లు వ్రాయబడలేదు. సర్వశక్తుడు నన్ను బాధపరచెనని ఆమె అనెను. భక్తిలేని మాట అని ఎవరును ఆమె నోరు మూయలేదు. రూతు కూడ జవాబు చెప్పలేదు. ప్రక్కన ఉండి, తరువాత పనికి పోయెను. కోత కాలము గడచెను. నాలుగవ అధ్యాయములో ఆ ఊరి స్త్రీలే మరల కనబడుచున్నారు. మొదట ఈమె నయోమియేనా అని చెప్పుకొనినవారు ఇప్పుడు ఆమె ఒడిలోని బిడ్డను చూచి దేవుని స్తుతించుచు, ఆ బిడ్డకు పేరు పెట్టుచున్నారు. మారా అను పేరుతో ఎవరును ఆమెను పిలువలేదు.

మన ఊరికి వచ్చు సహోదరికి జైలు ఒక పేరు పెట్టి పంపును. ఆ పేరుతో పిలుచుటయో, ఆమె స్వంత పేరుతో పిలుచుటయో మన నోటిలో ఉన్నది. చెరలో ఉన్నవారిని మీరును వారితో కూడ బంధింపబడినట్టు జ్ఞాపకము చేసికొనుడని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక (13:3) మనకు బోధించుచున్నది. వారితో బంధింపబడినట్టు తలంచువారు, వారు ఇంటికి వచ్చి కుదుటపడువరకు తామును విడుదల పొందినట్టు ఎంచుకొనరు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నయోమి తనను మారా అని పిలువుమన్నను గ్రంథకర్త ఆమెను నయోమి అనియే ఏల వ్రాసెను?
2. మితిమీరిన దుఃఖమునకును, పశ్చాత్తాప దుఃఖమునకును భేదమేమి? దానిని మనము ఎట్లు గుర్తుపట్టగలము?
3. ఏలీయాకు దేవుడు చేసిన సహాయములో మొదటిది ఏది? మన పరామర్శలలో మొదట ఏమి చేయుచున్నాము?
4. మన సంఘములో తోడుగా వెళ్ళదగిన ఇద్దరు స్త్రీలు ఎవరు? వారికి ప్రయాణపు ఖర్చు ఎవరు ఇత్తురు?
5. మన ఇండ్లలో పురుగుమందు ఎక్కడ ఉన్నది? ఈ వారములో దానికి తాళము వేయుదుమా?

ప్రార్థనాంశములు

రాజమహేంద్రవరపు స్త్రీల కారాగారములో ఉన్న సహోదరీలకొరకును, వారి పిల్లలకొరకును. జామీనుమీద ఉండి వాయిదాలకు తిరుగుచున్నవారికొరకును. గల్ఫు దేశములలో నిర్బంధములో ఉన్న మన ప్రాంతపు స్త్రీలకొరకును. నేరముల వలన ఆప్తులను పోగొట్టుకొన్న కుటుంబములకొరకును. మనోవ్యాధిగలవారికి వైద్యము చేయువారికొరకును. తిరిగి వచ్చిన సహోదరికి చాప మీద చోటు ఇచ్చు హృదయము మన సంఘములకు కలుగుటకొరకును ప్రార్థింతము.